మూడోసారి అడిగేదాకా

నేను అబద్ధం ఆడానని ఒక కాగితం చెప్పింది. మా ఇంట్లో నాలుగు తరాలుగా ఆ మాట ఎవరూ పడలేదు. యాభై రెండో ఏట, అమలాపురం దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో, ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నేను పడ్డాను. కోపం రావాలి. రాలేదు. ఫ్యాను రెక్క ఒకటి కొంచెం వంగి ఉంది, తిరిగినప్పుడల్లా టిక్కుమంటోంది. ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను.

ఆ కాలేజీకి హాస్టల్ వార్డెన్ కావాలని తెలిసి దరఖాస్తు పెట్టాను. ముక్తేశ్వరంలో మేం అద్దెకుంటున్న మేడ మీది వాటా ఖాళీ చెయ్యమని ఇంటాయన చెప్పి అప్పటికి రెండు నెలలు దాటింది. ఆయన మర్యాదస్తుడు. ఒక్కసారి చెప్పి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ మెట్ల కింద ఆయన కొడుకు కొత్త కాపురానికి కొన్న మంచాలు, బీరువా అట్టపెట్టెల్లోనే ఉండేవి. పైకెక్కినప్పుడల్లా వాటి పక్కనుంచి ఒదిగి ఎక్కాలి. వార్డెనుకి కాలేజీవాళ్లు క్వార్టరు ఇస్తారు. రెండు గదులు, వంటిల్లు, వెనక చిన్న వసారా. నా భార్య ఆ క్వార్టరును చూడకుండానే వసారాలో తులసికుండీ ఎక్కడ పెట్టాలో నిర్ణయించేసుకుంది. ఆ ఉద్యోగం నాకు ఎంత కావాలో చెప్పడానికి ఇంతకంటే రాయనక్కర్లేదు.

ముక్తేశ్వరంలో మేం అద్దెకుండటం కొత్తగా వచ్చినవాళ్లకి వింతేమీ కాదు. పాతవాళ్లు మాత్రం ఇప్పటికీ నన్ను పెద్దింటి బాబుగారనే అంటారు. ఆ పెద్దిల్లు ఉన్నచోట ఇప్పుడు కల్యాణమండపం ఉంది. పొలం కొంత కోర్టుల చుట్టూ పోయింది, కొంత రొయ్యల చెరువుల్లో పోయింది, మిగిలింది రోజులు గడవడానికి పోయింది. ఆ వివరాలు చెప్పుకునే అలవాటు మాకు లేదు. చివరికి నాకు దక్కినవి రెండు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చోవడం, అబద్ధం ఆడకపోవడం. నా నమ్మకం అది.

పిల్లలతో ఉండే పనికి ఎవరిని తీసుకున్నా ముందు మనస్తత్వ పరీక్ష పెట్టడం ఆ కాలేజీ పద్ధతి. వార్డెన్ పనికి వచ్చినవాళ్లం నలుగురం. ఖాళీ క్లాసులో దూరదూరంగా కూర్చోబెట్టి తలా ఒక పుస్తకం ఇచ్చారు. అందులో అన్నీ వాక్యాలే. ఒక్కొక్కదానికీ అవును అనో కాదు అనో పెన్సిలుతో గడి నింపాలి. నా పక్క వరసలో కూర్చున్నాయన మిలట్రీలో చేసి రిటైరైనవాడు. రాజోలు వైపు మనిషి. నేను సగంలో ఉండగానే ఆయన ముగించేసి, పెన్సిలు చెవిమీద పెట్టుకుని కిటికీలోంచి కొబ్బరి దింపుతున్నవాళ్లని చూస్తూ కూర్చున్నాడు.

వాక్యాలు మామూలువే. పదిమందిలో ఉండటం నాకిష్టం. రాత్రిళ్లు త్వరగా నిద్ర పడుతుంది. వాటి మధ్య మధ్య ఇంకో రకంవి కొన్ని తగిలాయి. నేను ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. ఎవరి గురించీ వెనకాల మాట్లాడలేదు. నాకు ఇష్టంలేని మనిషంటూ లేడు. నేను ఎవరినీ నాకంటే తక్కువగా చూడలేదు. వాటి దగ్గర నేను తడుముకోలేదు. అవును, అవును, అవును. పెన్సిలు గట్టిగా నొక్కి నింపాను. ఇన్నాళ్లకి ఎవరో అడగవలసినవి అడిగారనిపించింది.

మధ్యాహ్నం ఒక్కొక్కరినీ లోపలికి పిలిచారు. పరీక్ష పెట్టిన సైకాలజిస్టు ముప్పై అయిదేళ్లావిడ. నేత చీర, మెడలో సన్నటి గొలుసు, దానికి చిన్న శిలువ. కూర్చోమంది. దరఖాస్తులో ఊరు చూసి, తనదీ అటేనంది.

"మా అమ్మమ్మ మీ చేలల్లో ఊడుపులకీ కోతలకీ వచ్చేదండి" అంది.

ఎవరి తాలూకని అడిగాను. ఆ ప్రశ్న నా ప్రమేయం లేకుండానే వస్తుంది. ఆవిడ వాళ్ల అమ్మమ్మ పేరు చెప్పింది. నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చినట్టు తల ఆడించాను. ఆవిడ ఒక్క క్షణం నా ముఖం చూసి, కాగితం తీసింది.

నా జవాబుల గురించి ఆవిడ చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. ఎక్కడా మాట తూలలేదు. ఆ పుస్తకంలో పదిహేను వాక్యాలు వేరే పని మీద పెట్టినవట. అవి మనిషి ఎలాంటివాడో తెలుసుకోవడానికి కాదు, జవాబులు ఎలా చెబుతున్నాడో తెలుసుకోవడానికి. అందులో ఉన్నవి అందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే చిన్న తప్పులు. ఎవరైనా వాటిలో కొన్నింటిని ఒప్పుకుంటారు. ఒక్కటీ ఒప్పుకోకపోతే, మిగతా జవాబులు కూడా మెరుగు పెట్టి చెప్పినవేమో అనుకోవాలి. నేను పదిహేనింటిలో ఒక్కటీ ఒప్పుకోలేదు. అందువల్ల నా కాగితం మొత్తం చెల్లదు.

"అంటే నేను అబద్ధం చెప్పేనంటారా?" అని అడిగాను.

"అలాగని కాదండి. కొంతమంది ఎదటివాళ్లని నమ్మించడానికి అలా రాస్తారు. కొంతమంది తమని తామే నమ్మించుకుంటారు. ఎవరు ఏ రకమో కాగితం చెప్పలేదండి." ఆవిడ పెన్ను మూత పెట్టి, నా వైపు తిరిగింది. "నన్ను అడగమంటే అడుగుతాను. మీరు ఎప్పుడూ అబద్ధం ఆడలేదాండీ?"

"లేదండి."

"చిన్నది కూడా?"

"లేదండి."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. వచ్చే గురువారం ఇంకో పుస్తకం ఇస్తానని, కంగారు పడకుండా రాయమని చెప్పింది. నేను లేచి నిలబడ్డాను. ఎందుకో వెంటనే కదల్లేదు. ఏదో మిగిలిపోయినట్టు, ఆవిడ ఇంకో మాట అనాలన్నట్టు, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఆవిడ తలెత్తి, ఇంకేమైనా ఉందా అన్నట్టు చూసింది. ఏమీ లేదన్నాను.

గేటు బయట టీకొట్టు దగ్గర మిలట్రీ ఆయన కనిపించాడు. ఆయన కాగితం చెల్లిందట. నా సంగతి అడిగితే, మళ్లీ రాయాలన్నాను.

"అన్నీ మంచివే రాసేసుంటారు మీరు" అన్నాడాయన. "మిలట్రీలో ఇలాంటివి రెండుసార్లు రాసేనండి నేను. చిన్న తప్పులు ఒప్పుకోవాలి. వెనకాల మాట్లాడేవా, ఆయ్ మాట్లాడేను. లేటుగా వెళ్లేవా, ఆయ్ వెళ్లేను. పెద్దవి అడిగితే మాత్రం మనకి తెలీదు. కొట్టేవా, లేదు. తాగేవా, లేదు. సగం ఒప్పుకుని సగం వదిలేస్తే అది మనిషి రాసిన కాగితంలా ఉంటదండి."

"మీరు నిజంగా లేటుగా వెళ్లేవారా?"

"మిలట్రీలో లేటుగా వెళ్తే ఊరుకుంటారాండీ?" అని నవ్వి, నా టీకి కూడా తనే డబ్బులిచ్చేయబోయాడు. నేను వద్దన్నాను. ఇంకోసారి అన్నాడు. వద్దన్నాను. సరేనని తనది ఇచ్చి ఆటో ఎక్కేశాడు.

నాకు అయినవిల్లి మీదుగా వెళ్లే బస్సు దొరికింది. కాలవ వైపు సీటు. నీళ్లు వదలలేదు. అడుగున గుర్రపుడెక్క ఎండి ముద్దలా ఉంది. ఆ గదిలో కుర్చీ దగ్గర నేను దేని కోసం ఆగానో బస్సు సగం దారిలో ఉండగా తెలిసింది. ఆవిడ మూడోసారి అడుగుతుందని ఆగాను.

దీన్ని కొంచెం విడమరిచి చెప్పాలి. మా వైపు భోజనం వేళకి ఎవరింటికి వెళ్లినా భోంచేసేరా అని అడుగుతారు. అయిందండి అనాలి. తిన్నా అంతే, తినకపోయినా అంతే. మళ్లీ అడుగుతారు. మళ్లీ అయిందనే అనాలి. మూడోసారి అడిగితే, మీరింతగా అంటున్నారు కాబట్టి అని లేవచ్చు. ఇది మా అమ్మ నాకు అక్షరాలతోపాటు నేర్పింది. ఒకటీ రెండూ మర్యాదకి, మూడోది పెట్టడానికి అనేది. నాకు ఆరేళ్లప్పుడు ఒకరింట్లో మొదటిసారి అడగ్గానే లేదని చెప్పి పీట మీద కూర్చున్నాను. ఇంటికొచ్చాక ఆ పూట నాకు అన్నం పెట్టలేదు. ఇప్పుడు తిన్నావుగా అంది.

మేం దాన్ని ఎన్నడూ అబద్ధం అనుకోలేదు. చేతులు కడుక్కోవడం లాంటిదది.

మా నాన్నగారి చివరి రోజుల్లో ఒకసారి ఆయనతో కొత్తపేట వెళ్లాను. నాకు పంతొమ్మిదేళ్లు. చుట్టాలింట్లో ఏదో సంతకం పని. బస్సు దిగి ఎండలో నడిచి వెళ్లేసరికి ఒంటిగంట దాటింది. పొద్దున్న ఇద్దరం కాఫీ తాగి బయల్దేరాం, అంతే. వాళ్లు భోజనాలకి కూర్చోబోతున్నారు. భోంచేసేరా అన్నారు. అయిందన్నారు నాన్నగారు. కొంచెం తినండి అన్నారు. అయిందన్నారు. ఆ ఇంటి కోడలు కొత్తది. సరేనని లోపలికి వెళ్లిపోయింది. మేం సావిట్లో కూర్చుని వాళ్లు తింటున్న చప్పుడు విన్నాం. పని ముగించుకుని రోడ్డు మీదకి వచ్చాక, వాళ్లకి మర్యాద తెలీకుండా పోయింది అన్నారు నాన్నగారు. బస్టాండులో బోరింగు దగ్గర నీళ్లు తాగాం. ఆకలి అన్నమాట ఆయన అనలేదు. నేనూ అనలేదు.

బస్సులో కూర్చుని ఇదంతా అబద్ధాల లెక్కలోకి వచ్చేదేనని నాకు అర్థమైంది. అయితే ఏమిటన్నది అర్థం కాలేదు. ముక్తేశ్వరం వచ్చింది, దిగాను.

నా భార్య అరటిదవ్వ తరుగుతోంది. జరిగింది చెప్పాను. కాగితం చెల్లలేదన్న మాట ఆవిడకి సరిగ్గా ఎక్కలేదు. క్వార్టరు వస్తుందా రాదా అని అడిగింది. మళ్లీ రాస్తే తెలుస్తుందన్నాను. ఏం ప్రశ్నలని అడిగితే, అబద్ధం గురించిన వాక్యం చెప్పాను. తరగడం ఆపింది.

"లేదని రాసేరా?"

"ఆ."

"మా నాన్నగారు వాళ్లు నన్ను చూపించడానికి మీ ఇంటికి వచ్చినప్పుడు టిఫిన్ పెట్టేరు చూడండి, వెండి కంచాల్లో. అవి ఎవరివండీ?"

"ఎదురింటివాళ్లవి."

"మాకు మీవని చెప్పేరు."

"ఎవరూ చెప్పలేదు. మీవాళ్లు అడగలేదు."

"అడిగితే చెప్పేవారా?"

మా కంచాలు అప్పటికి రెండేళ్లయింది ఇంట్లోంచి పోయి. వాటి స్థానంలో ఎదురింటివాళ్లవి తెచ్చినప్పుడు వెనక గుమ్మం నుంచి గంపలో గుడ్డ కప్పి తెచ్చారు. మోసింది నేనే.

"నేను కంచం తిప్పి చూసేనండి" అంది నా భార్య. "అడుగున వేరే ఇంటిపేరు చెక్కి ఉంది. మా అమ్మకి చెప్తే ఊరుకోమంది."

"ఇన్నేళ్లు ఎందుకు అనలేదు?"

"అంటే ఏమంటారు?" అని మళ్లీ కత్తిపీట ముందుకు లాక్కుంది. కాసేపు తరిగింది. "మీ ఇంట్లో అబద్ధాలు లేకపోవడం కాదండీ. అడిగేవాళ్లు లేరు. ఈసారి ఉన్నది ఉన్నట్టు రాసేయండి. మనకి క్వార్టరు కావాలి."

ఉన్నది ఉన్నట్టు అంటే ఏమిటో తేల్చుకోవడానికి నాకు వారం రోజులుంది. మిలట్రీ ఆయన చెప్పినట్టు సగం ఒప్పుకుని సగం వదిలెయ్యడం సులువు. ఏవి ఒప్పుకోవాలో కూడా నాకు తెలిసిపోయింది. కానీ అలా రాస్తే అప్పుడు నిజంగా అబద్ధం ఆడినట్టవుతుంది, చెల్లుతుంది. మొదటిసారి నమ్మి రాశాను, చెల్లలేదు. దీంట్లో నవ్వుకోవలసింది ఏదో ఉందనిపించింది. నవ్వు రాలేదు. కొన్నాళ్లుగా నాకు ఏదీ రావడం లేదు. పెద్దిల్లు పడగొట్టేటప్పుడు వెళ్లి చూశాను. దూలాలు దింపుతుంటే పక్కనున్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేను దూలాల పొడవు చూస్తూ నిలబడ్డాను.

గురువారం మొదటి బస్సుకి వెళ్లాను. కాఫీ తాగి బయల్దేరాను. ఈసారి నేనొక్కణ్ణే. అదే క్లాసు, వేరే పుస్తకం. వాక్యాలు మార్చి రాసినా అవి అవేనని తెలుస్తోంది. మర్యాద కోసం నిజం కానిది చెప్పిన సందర్భాలున్నాయి. అవును. నా దగ్గర లేనిది ఉన్నట్టు కనబడనిచ్చాను. అవును. ఒకటి ఒప్పుకున్నాక తర్వాతిది అంత బరువుగా లేదు. అసలు బరువే లేదు. పెన్సిలు తేలిగ్గా పట్టుకుని నింపుకుంటూ పోయాను.

ఒక్క చోట ఆగాను. కొందరు నాకంటే తక్కువవారన్న భావం నాలో ఉంది. మొదటి పుస్తకంలో దీన్ని ఇంకోలా అడిగారు, నేను లేదన్నాను. మా ఇంట్లో ఎవరినీ కసిరిన గుర్తు నాకు లేదు. గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్లనీ తిన్నావా అని అడిగేవాళ్లం. అదే నా ఆధారం. కానీ ఆ సైకాలజిస్టు చెప్పిన వాళ్ల అమ్మమ్మ పేరు వారం రోజులు తలుచుకున్నా నాకు ముఖం కనబడలేదు. అన్నేళ్లు మా చేలో వంగి నడుములు పోగొట్టుకున్న ఆడవాళ్లలో ఒక్కరి పేరైనా వస్తుందేమోనని వెతికాను. మా ఎద్దుల పేర్లు వచ్చాయి. అవును అని నింపాను.

చివరి పేజీల్లో నా గురించి అడిగినవి ఉన్నాయి. ఈ మధ్య ఏ విషయమూ నన్ను అంతగా తాకడం లేదు. అవును. ఎదటివాళ్లు ఏడుస్తుంటే ఏం చెయ్యాలో నాకు తోచదు. అవును. మొదటిసారి ఇలాంటివాటికి కాదని రాశాను. అప్పుడు అదీ నిజమేననుకున్నాను.

కాగితం చూడటానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. నన్ను వరండాలో కూర్చోమన్నారు. పిల్లలు వరసగా మెస్సుకి వెళ్లారు, వరసగా వచ్చారు. రెండు దాటాక పిలిచింది.

"ఈసారి కాగితం బావుందండి" అంది. "అంటే నమ్మొచ్చు."

తల ఊపాను.

"నమ్మితే మాత్రం వార్డెన్ పనికి మిమ్మల్ని తీసుకోమని రాయలేనండి."

ఎందుకో ఆవిడే చెప్పింది. ఇల్లు వదిలి మొదటిసారి వచ్చిన పిల్లలు ఆ హాస్టల్లో ఉంటారు. మొదటి నెలంతా ఏడుపులే. వాళ్ల దగ్గర ఉండవలసిన మనిషికి ఎదటివాళ్ల ఏడుపు తెలియాలి. మీకు తెలియదని మీరే రాశారు, అది రాయడం తేలిక కాదని కూడా నాకు తెలుసు అంది. మెస్సుకి సూపర్‌వైజర్ కావాలట. సరుకు చూసుకోవడం, వంటవాళ్లని చూసుకోవడం, వేళకి వడ్డన. దానికి రాస్తాను, మీకిష్టమైతే. క్వార్టరు ఉండదు, మెస్సు వెనక ఒక గది, వంటకి చిన్న చోటు ఉంటాయి.

మిలట్రీ ఆయన మాట విని ఉంటే క్వార్టరు వచ్చేది. ఆ ఆలోచన వచ్చింది. తులసికుండీ గుర్తొచ్చింది. మా తాతగారి కాలంలో మా ఇంటి వంటవాళ్లకి పైన ఒక గుమాస్తా ఉండేవాడని కూడా గుర్తొచ్చింది. ఆయన గది వంటింటి వెనకే ఉండేది.

"చేస్తానండి" అన్నాను.

ఆవిడ ఏదో రాసుకుంది. గడియారం చూసింది. బల్ల పక్కనుంచి తన క్యారియరు తీసి పైన పెట్టి, "భోంచేసేరాండీ?" అని అడిగింది.

"అయిందండి" అన్నాను.

అది నేను అనలేదు. నోట్లోంచి వచ్చింది. పొద్దుటి నుంచీ మూడు గంటలపాటు ఒక్కొక్క గడీ చూసి నిజం నింపిన మనిషిని నేను.

"నిజంగానేనాండీ?"

"ఆయ్, అయిందండి."

ఆవిడ క్యారియరు మూత మీద చెయ్యి పెట్టింది, తియ్యలేదు. నేను మొదటి బస్సుకి వచ్చానని ఆవిడకి తెలుసు. వరండాలోంచి కదల్లేదనీ తెలుసు.

"మా అమ్మమ్మ ఒకటి చెప్పేదండి" అంది. కాగితం గురించి చెప్పిన గొంతుతోనే చెప్పింది. "మీ అరుగు మీద కూచున్న పెద్దల్ని భోజనానికి మూడేసిసార్లు అడగడం చూసేదట. తను మిట్టమధ్యాహ్నం మీ గుమ్మం ముందు నిలబడితే లోపల్నించి అమ్మగారు అడిగేవారట, తిన్నావే అని. అయిందండి అనేదట. తినలేదండి, ఎక్కడ తింటది. ఇంకోసారి అడుగుతారేమోనని కాసేపు నిలబడేదట."

ఆగింది.

"ఒక్కసారే అడిగేవారండి" అంది.

అది నిజం. మా అమ్మ గొంతు నాకు వినబడింది. తిన్నావే. అయిందండి. ఆ వెంటనే లోపల గిన్నెల చప్పుడు. మొదటిసారి అడిగితే వచ్చే జవాబుకి అర్థం లేదని నాకు నేర్పిన మనిషి, ఆ గుమ్మం ముందు వచ్చిన జవాబుని మాత్రం ఉన్నదున్నట్టు నమ్మేది. మేమందరం నమ్మేవాళ్లం. ఆ నమ్మకంతోనే లోపలికి వెళ్లి తినేవాళ్లం.

"మూడోసారి అడుగుతున్నానండి" అంది ఆవిడ. "భోంచేసేరా?"

"లేదండి" అన్నాను.

క్యారియరు మూత తిరగేసి అందులో సగం అన్నం పెట్టింది. వంకాయ కూర, చింతకాయ పచ్చడి, కింది గిన్నెలో మజ్జిగ. నా వైపు జరిపి, తను మిగతా సగం తినడం మొదలుపెట్టింది. తింటూ మెస్సులో స్టీమరు ఒకటి పాడైందని, దాన్ని ముందు బాగు చేయించమని చెప్పింది. మా చేలో పనిచేసినవాళ్ల ఇళ్ల అన్నం మా ఇంట్లో తిన్నవాళ్లు ఎవరూ లేరు. తింటుండగా ఆ సంగతి గుర్తొచ్చింది. వచ్చి, ఊరుకుంది. పచ్చడిలో ఉప్పు కొంచెం ఎక్కువైంది. మూతలో ఉన్నదంతా తిన్నాను. వెన్ను మాత్రం నిటారుగానే ఉంది. అది నా చేతిలో లేదు.

మేం మెస్సు వెనక గదిలోకి మారి ఇప్పటికి ఏడు నెలలు. వార్డెన్ పని మిలట్రీ ఆయనకి వచ్చింది. ఆయన మంచివాడే, పిల్లలు ఆయన వెనకాలే తిరుగుతారు. కాగితం సరిగ్గానే చెప్పిందో, ఆయన కాగితం చేత సరిగ్గా చెప్పించాడో నాకు తెలియదు. ఆయన క్వార్టరు వసారా మా కిటికీలోంచి కనిపిస్తుంది. మారిన మొదటి వారం నా భార్య దాన్ని చాలాసేపు చూసి, అక్కడ పొద్దస్తమానం ఎండేనండి, మొక్క బతకదు అంది. ఆ వసారా తూర్పు వైపుది. పదింటికల్లా నీడ వస్తుంది. నేను అవునన్నాను.

మెస్సులో గిన్నెలు తోమడానికి నలుగురు ఆడవాళ్లు వస్తారు. వాళ్లకి మధ్యాహ్నం భోజనం ఇక్కడే. చేరిన కొత్తలో ఒకరోజు వడ్డనలన్నీ అయ్యాక వాళ్లలో పెద్దావిడ కుళాయి దగ్గర ఒక్కతే తోముతూ కనిపించింది. మిగతా ముగ్గురూ తింటున్నారు. భోంచేశారా అని అడిగాను. ఆవిడ తలెత్తకుండా అయిందండి అంది. నాకు తెలిసిన జవాబు అది. దగ్గరికి వెళ్లి మళ్లీ అడిగాను. అయిందండి అంది. నేను అక్కడే నిలబడ్డాను. నీళ్లు నా చెప్పుల మీద పడుతున్నాయి. ఇంకోసారి అడిగాను.

ఆవిడ కుళాయి కట్టేసి, నా ముఖంలోకి వింతగా చూసింది.

"అయిందని చెప్తన్నాను కదండీ బాబూ. నాకు షుగరు. పదకొండింటికే తినేసేను. ఎన్నిసార్లు అడుగుతారు?"

తింటున్న ముగ్గురూ నవ్వారు. ఆవిడ కుళాయి విప్పి మళ్లీ పనిలో పడింది. నేను లోపలికి వచ్చి కంచం తీసుకున్నాను. అన్నం గిన్నెలో అడుగున కొంచెం మిగిలింది. ఎవరూ నన్ను అడగలేదు. పెట్టుకుని తిన్నాను.